ఇద్దరి భాష

బైండరుగారి ఇంట్లో ఒక సామెతకు ప్రవేశం లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని ఎవరైనా నోరు జారితే చాలు, ఆయన చేతిలో పని పక్కన పెట్టి, వాళ్లు తెచ్చిన పుస్తకాలు మళ్లీ వాళ్ల చేతుల్లోనే పెట్టి, ఇంకో షాపు చూసుకొమ్మని మర్యాదగా చెప్పి పంపేసేవాడు. అలా పోయిన బేరాలు తక్కువేమీ కాదు. ఆయన భార్య మాత్రం, సామెతలో తప్పేముంది, ఊదేవాడికి బుద్ధి లేదనేగా, అని నవ్వేది.

వాళ్లకు ముగ్గురు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, దానివి పాము చెవులు. కొన్నేళ్ల తర్వాత కొడుకు, వాడికి పుట్టుకతోనే వినపడదు. ఇక చాలనుకున్నాక చిన్నది పుట్టింది, దానికీ వినపడదు. ఈ కథ పెద్దదానిది. ఇంట్లో అందరూ ఆమెను అక్క అనే పిలిచేవారు, కన్నవాళ్లతో సహా. పిలవలేని తమ్ముడి తరఫున కూడా తామే పిలుస్తున్నట్టు ఉండేది అది.

కింద షాపు, పైన ఇల్లు. షాపుకు వీధి వైపు అద్దాల తలుపు, గది పొడవునా ఒక బల్ల, ఒక మూల ఇనుప ప్రెస్సు, దాని నెత్తిన గుండ్రటి చక్రం. అచ్చయిన కాగితాలు ఫారాలుగా మడిచి, వరసన పేర్చి, వెన్ను వైపు దారంతో కుట్టి, జిగురు పూసి, ప్రెస్సులో బిగించి, ఆరాక అంచులు కోసి అట్ట వేసేదాకా అంతా ఆ గదిలోనే. చక్రం తిప్పేది నాన్న, కుట్టేది అమ్మ. బడి నుంచి వచ్చాక ఫారాలు మడిచేది అక్క.

తమ్ముడికి నడక వచ్చింది గాని పిలుపు రాలేదు. డాక్టర్లు చూసి తల అడ్డంగా ఊపారు. వినపడని పిల్లల బడి ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. అమ్మ కొన్నాళ్లు ఏడ్చి ఊరుకుంది. అక్కకు ఏడవడానికి తీరిక ఎక్కడిది, తమ్ముడితో ఆడుకోవాలి. అందుకని మాటలు తనే చేసింది. రెండు చేతులతో చక్రం తిప్పినట్టు తిప్పితే నాన్న. చెంప మీద వేలు పెడితే అమ్మ, అమ్మకు అక్కడ పుట్టుమచ్చ ఉంది. గ్లాసెత్తి తాగినట్టు చేస్తే పాలు. తల మీద రెండు వేళ్లు నిక్కించి, మూతి మీద మీసాలు దువ్వితే పిల్లి. ఇంటికి ఎవరొచ్చినా వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేకుండానే అర్థమయ్యేవి. ఎందుకంటే అవి ఇంకా మాటలు కాలేదు, బొమ్మలు. రెండు మూడు బొమ్మలు పక్కపక్కన పెడితే ఒక సంగతి. ఏది ముందు, ఏది వెనక అన్న నియమం లేదు. చూసేవాళ్లే తమకు తోచినట్టు అతికించుకోవాలి. అలాగే కొన్నేళ్లు గడిచాయి, ఎవరికీ ఏ లోటూ తెలియలేదు.

చిన్నదాని చేతులు పుట్టినప్పటి నుంచీ ఒకచోట ఆగేవి కావు. అందుకే దానికి పిచ్చుక అని పేరు పడింది. కాగితాల్లో ఉన్న పేరు దాని పెళ్లినాడు గాని ఎవరికీ గుర్తుకు రాలేదు.

పిచ్చుకకు ఊహ వచ్చేసరికి, అక్క చేసిన బొమ్మలకు ఏదో అయింది. చక్రం తిప్పడం పోయింది; నాన్న అనాలంటే ఇద్దరూ మణికట్టు ఒక్క విదుపు విదిపేవారు. పాల గ్లాసు గడ్డం కింద చిటికెన వేలి తాకుడుగా మిగిలింది. పిల్లి చెవులు ఊడిపోయాయి, మీసాల్లో సగం పోయింది. పుస్తకాలకు వచ్చిన ఒక ముసలాయన ఆ పిల్లల్ని చూసి, వీళ్లేదో దోమల్ని తోలుకుంటున్నారు పాపం, గదిలో పొగ పెట్టించమ్మా అని సలహా ఇచ్చి పోయాడు. అమ్మ కడుపుబ్బ నవ్వింది. అక్కకు మాత్రం కోపం వచ్చింది. తను శ్రద్ధగా చేసిచ్చిన వాటిని వీళ్లు అరగదీసి పాడు చేస్తున్నారనుకుంది. చక్రం పెద్దగా తిప్పి చూపించి, ఇలా అనాలి అని తమ్ముడి చేతులు పట్టుకుని దిద్దేది. వాడు ఆమె ముందు బుద్ధిగా తిప్పేవాడు. ఆమె అటు తిరగగానే మణికట్టు విదిపేవాడు.

ఒక మధ్యాహ్నం జిగురు గిన్నె బోర్లా పడింది. అప్పుడే కుట్టి పెట్టిన పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయి. నాన్న తమ్ముడి చెవి పట్టుకున్నాడు. వాడు కళ్లనీళ్లతో, తోయడం, పిల్లి, నేను, గిన్నె అని చేతులతో గబగబా చెప్పాడు. వీడు పిల్లిని తోశాడా, పిల్లి వీణ్ణి తోసిందా? నాన్నకు తోచిన అర్థం మొదటిదే, అందుకే చెవి ఇంకాస్త మెలిపడింది. అప్పుడు పిచ్చుక, బల్లెత్తు కూడా లేనిది, ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడింది. పిల్లి అని, ఆ పిల్లిని తన ఎడమ వైపు గాలిలో ఒక చోట పెట్టింది. అన్న అని, అన్నను కుడి వైపు ఇంకో చోట పెట్టింది. పెట్టి, తోయడం అనే మాటను ఎడమ నుంచి కుడికి నడిపించింది. ఆ తర్వాత కుడి నుంచి కిందికి, గిన్నె దాకా. అంతే. పిల్లి వచ్చి వీడి మీద పడింది, వీడు వెళ్లి గిన్నె మీద పడ్డాడు. అందులో ఇంకో అర్థానికి తావు లేదు. నాన్న చెవి వదిలేశాడు. మా ఇంట్లో లాయరు పుట్టిందని అమ్మ చిన్నదాన్ని ఎత్తుకుంది.

అక్క చేతిలో ఫారం సగం మడతలోనే ఆగిపోయింది. ఆ గాలిలో చోట్లు తను నేర్పలేదు. నాన్నా నేర్పలేదు, అమ్మా నేర్పలేదు. ఆ ఇంట్లో అప్పటిదాకా అవి లేనేలేవు.

చిన్నదాని దగ్గర పెద్దవాడు నేర్చుకోవడం ఏమిటని అనుకోలేదు తమ్ముడు. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ మనుషుల్నీ, ఊళ్లనీ, నిన్ననీ, రేపునీ గాలిలో తలో చోట నిలబెట్టి, వాటి మధ్య మాటల్ని పరుగెత్తించసాగారు. జరిగినదానికి చేతులు ఒకలా కదిలేవి, జరగబోయేదానికి ఇంకొకలా, జరిగి ఉంటే బాగుండేదనుకునేదానికి కనుబొమ్మలు కలిసేవి. అక్క వెంటపడి నేర్చుకోవాలనే చూసింది. నాలుగు చోట్లు గుర్తు పెట్టుకునేలోపు వాళ్లు అయిదోది దాటిపోయేవారు. ఏకు మేకైందని అమ్మ దగ్గర వాపోయింది ఒకసారి. అక్క బల్ల దగ్గరికి వస్తే వాళ్ల చేతులు మెల్లబడేవి. గాలిలో చోట్లు మాయమై, విడివిడి మాటలు మిగిలేవి. వాళ్లకు ఆమె మీద ప్రేమ లేక కాదు. దూరపు చుట్టం వచ్చినప్పుడు మనం నింపాదిగా, చిన్న చిన్న ముక్కలుగా మాట్లాడతామే, అలా. ఆ భాషకు మొదటి మాట ఇచ్చింది ఆమె. ఆ భాషలో అందరికంటే నత్తి ఆమెకే.

నాన్న పోయాడు. ఆ వెంటే అమ్మ. అక్కకు పెళ్లయింది, నిలవలేదు. ఆ కథ వేరు. ఆమె తిరిగొచ్చి షాపు చూసుకుంది. తమ్ముడు చేయి తిరిగిన బైండరయ్యాడు, పిచ్చుక కుట్టుపని అందుకుంది. చేతుల్లో పని ఉన్నంతసేపూ ఇద్దరూ మూగగానే ఉండేవారు. సూది గుచ్చి పెట్టగానే మొదలు. అద్దాల తలుపులోంచి చూసేవాళ్లకు, ఆ షాపులో ఇద్దరు నవ్వుతుంటే ఒకావిడ తలవంచుకుని కాగితాలు మడుస్తున్నట్టు కనిపించేది.

ఆ రోజుల్లోనే భాషావిడ వచ్చింది. కాలేజీలో భాషాశాస్త్రం పాఠాలు చెప్పేది, తన విద్యార్థుల థీసిసులు బైండు చేయించడానికి వచ్చింది. వచ్చినావిడ వచ్చిన పని మరిచిపోయి, బల్ల అవతల నిలబడి ఆ ఇద్దరి చేతుల్నే చూస్తూ ఉండిపోయింది. తర్వాత వారం కెమెరాతో వచ్చి, మీకు అభ్యంతరం లేకపోతే అని ఎంతో బతిమాలుకుంది. పిచ్చుకకు అది ఆటలా ఉంది. తమ్ముడు మొదట సిగ్గుపడి, తర్వాత చొక్కా మార్చుకుని కూర్చున్నాడు.

ఇందులో మీకేం దొరుకుతుందని అక్క అడిగింది ఒకరోజు.

"మొదటి మనుషులు ఎలా మాట్లాడారో ఎవరికీ తెలీదండి" అంది భాషావిడ. "ఎముకలు దొరుకుతాయి, రాతి గొడ్డళ్లు దొరుకుతాయి. మాట దొరకదు. అన్నాక గాల్లో కలిసిపోతుంది. చూడండి, పిల్లి తమ్ముణ్ణి గీరింది అంటాం. తమ్ముడు పిల్లిని గీరాడు అంటాం. అదే పిల్లి, అదే తమ్ముడు, అదే గీరడం. దెబ్బ ఎవరికి తగిలిందో చెప్పేది ఆ చిన్న 'ని' లాంటి తోకే. అది మనకి అమ్మ ఇచ్చింది, అమ్మకి వాళ్లమ్మ ఇచ్చింది. అలా వెనక్కి పోతే ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదా. మీ చెల్లికి ఎవరూ ఇవ్వలేదు. తనే చేసుకుంది."

"మరి నేను చేసింది?"

"మీరు బొమ్మలిచ్చారు. అవి లేకపోతే ఏదీ లేదు."

భాషావిడ మంచి మనిషి, తూచినట్టు మాట్లాడేది. ఆ కాలంలో ఇలాగే జరిగిందని తాను చెప్పలేనంది. వీళ్ల చుట్టూ మాట్లాడే మనుషులున్నారు, ఆ మొదటివాళ్లకు ఎవరూ లేరు; అయినా దారి ఎటు నుంచి ఎటు పోయి ఉంటుందో కాస్త కనిపిస్తోందంది. అక్కకు అది మెప్పో, ఓదార్పో తెలియలేదు. బొమ్మలిచ్చానట అని ఆ రాత్రంతా అనుకుంటూ పడుకుంది.

ఆ మంచితనంతోనే భాషావిడ ఇంకో పని చేసింది. నగరంలో వినపడనివాళ్ల సంఘం ఒకటి ఉందని, అక్కడ వేలమంది వాడే చేతి భాష నేర్పుతారని, ఈ ఇద్దరూ ఇంకా చిన్నవాళ్లే, నలుగురిలో పడాలి కదా అని చెప్పింది. అక్క ఆలోచించింది. తను పోతే వీళ్ల తరఫున నలుగురితో ఎవరు మాట్లాడతారు అన్న బెంగ ఆమెకు ఎప్పటి నుంచో ఉంది. ఆదివారం ఇద్దరినీ బస్సెక్కించి తీసుకెళ్లింది.

పిచ్చుక ఆ గుమ్మంలో అడుగుపెట్టి నిలబడిపోయింది. హాలు నిండా మనుషులు, అందరి చేతులూ కదులుతున్నాయి. తమ లాంటివాళ్లు లోకంలో ఇంతమంది ఉన్నారని దానికి ఎవరూ చెప్పలేదు, చెప్పేందుకు ఎవరికీ తోచలేదు. మొదటి రోజు ఏడ్చింది. రెండో వారం నవ్వింది. ఆపైన దాన్ని ఆదివారాలు షాపులో ఉంచడం ఎవరి తరమూ కాలేదు. నీళ్లలో పడ్డ చేపపిల్లలా ఆ భాషలో ఈదుకుంటూ పోయింది. ఆరు నెలల్లో జోకులు వేయసాగింది, ఏడాదికి జగడాలు పెట్టుకోసాగింది, ఆ పైయేడు అక్కడి వడ్రంగి ఒకణ్ణి ఇష్టపడింది.

తమ్ముడికి అలా జరగలేదు. ముప్ఫై ఏళ్లొచ్చిన మనిషి, చేతులకు ఒక దారి అలవాటైపోయింది. కొత్త మాటల్ని తన పాత చోట్లలో పెట్టి చెప్పేవాడు, వాళ్లకు అర్థమయ్యేది కాదు. మర్యాదగా తల ఊపేవారు. ఆ తల ఊపడం అతనికి బాగా తెలుసు. వినపడేవాళ్లు జీవితమంతా అతనికి అలాగే ఊపుతూ వచ్చారు. టీచరు అతన్ని పిల్లల పక్కన కూర్చోబెట్టి, బొమ్మల పుస్తకం చేతికిచ్చింది. అతను ఒక పేజీ తిప్పి, వెన్ను దగ్గర ఊడిపోతున్న కుట్టు చూసి, జేబులోంచి సూదీ దారం తీసి బాగు చేయడం మొదలుపెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత అతను మళ్లీ వెళ్లలేదు. ఎందుకు రావని అక్క అడిగితే, పని ఉంది అన్నాడు. బల్ల మీద నిజంగానే పని ఉంది.

పిచ్చుక పెళ్లి చేసుకుని నగరానికి వెళ్లిపోయింది. వెళ్లేముందు అన్నాచెల్లెళ్లు మెట్ల మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏమనుకున్నారో అక్కకు తెలియదు. చివర్లో పిచ్చుక అన్న భుజానికి తలానించి ఏడుస్తుంటే, అతను దాని చేతులు రెండూ తన చేతుల్లో పట్టుకోవడం మాత్రం చూసింది. ఆ ఇంట్లో చేతులు పట్టుకోవడమంటే ఇక చాలు, ఊరుకో అని చెప్పడమే.

మొదట్లో నెలకోసారి వచ్చేది. కూతురు పుట్టాక రాకపోకలు తగ్గాయి. వచ్చినప్పుడల్లా దాని చేతుల్లో నగరం కాస్త ఎక్కువగా కనిపించేది. తమ్ముడు ముందు నవ్వేవాడు, ఏంటే ఈ యాస అని వెక్కిరించేవాడు. తర్వాత్తర్వాత, ఒక్కో మాటకు ఆగి, అదేంటి అని అడగవలసి వచ్చేది. అది కూడా అతని మాటకు ఒక్క క్షణం ఆగి, గుర్తు తెచ్చుకుని, ఆఁ అనేది. ఆ ఒక్క క్షణం అక్క కంటపడేది. ముగ్గురిలో పాము చెవులు ఆమెవే అయినా, చేతులు తడబడటం కూడా ఆమెకే ముందు తెలిసేది.

అద్దాల తలుపులోంచి చూసేవాళ్లకు ఇప్పుడు ఇద్దరు తలవంచుకుని పని చేసుకుంటున్నట్టు కనిపించేది. తమ్ముడు కోపగించుకోలేదు, అలగలేదు, తిండి మానలేదు. మాట్లాడటం మానేశాడు. అక్క తన చేతనైనంతలో పలకరించేది. అన్నం, పని, వాన, పడుకో. అతను అదే తీరున బదులిచ్చేవాడు. రోజుకు సరిపడా మాటలు ఉన్నాయి వాళ్ల దగ్గర. అవి బతకడానికి చాలు, కబుర్లకు చాలవు. ఒక్కోసారి అతను కటింగ్ మిషను ముందు కూర్చుని, ఎదురుగా ఎవరూ లేకుండానే, ఒడిలో చేతులు సన్నగా కదుపుకునేవాడు. అక్క అది చూసి చూడనట్టు ఉండేది. ఒకరి మాటలు ఇంకొకరు చాటుగా వినకూడదు కదా.

అలా కొన్నేళ్లు. తర్వాత కడుపులో నొప్పి వచ్చింది. అతను చెప్పలేదు. చెప్పినా, తన వంట పడలేదనే అక్క అనుకునేది. తిన్నది ఇమడడం మానేశాక ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు ఎక్కడ నొప్పి అని అడిగాడు, అక్క అడిగింది, అతను చూపించాడు. ఎలాంటి నొప్పి, ఎప్పుడెప్పుడు, ఏం తింటే ఎక్కువ, ఎప్పటి నుంచి? అతను వివరంగా చెప్పాడు. రెండు చేతులా, గాలిలో అటూ ఇటూ చోట్లు పెట్టి, ఒక కథంత చెప్పాడు. డాక్టరు అక్క వైపు చూశాడు.

"నొప్పి అంటున్నాడండి" అంది అక్క. అంతకు మించి ఆమెకు అందలేదు.

పిచ్చుక కూతుర్ని భర్తకు అప్పగించి వచ్చేసింది. పరీక్షలయ్యాయి. గడ్డ బాగా ముదిరిందని, కోసి లాభం లేదని చెప్పారు. కిటికీ పక్క మంచం ఇచ్చారు.

చెల్లెలు వచ్చిన మొదటి రోజు తమ్ముడు దిండుకు ఆనుకుని కూర్చుని, ఎన్నేళ్ల నుంచో దాచుకున్నట్టు ఒక పెద్ద సంగతి ఎత్తుకున్నాడు. చేతులు సన్నబడ్డాయి గాని వేగం తగ్గలేదు. ఒకరిని ఇక్కడ పెట్టాడు, ఇంకొకరిని అక్కడ, ముందెప్పుడో జరిగినదాన్ని భుజం వెనక. పిచ్చుక ముందుకు వంగి చూస్తోంది. కళ్లు అటూ ఇటూ పరుగెడుతున్నాయి. కాసేపటికి చెయ్యెత్తి ఆపింది. మళ్లీ చెప్పమంది. నగరపు తీరున అడిగింది. అది తెలుసుకుని, నాలుక కరుచుకుని, మళ్లీ ఇంటి తీరున అడిగింది.

అతను మళ్లీ మొదలుపెట్టాడు, కాస్త నెమ్మదిగా. మళ్లీ ఆపింది. భుజం వెనక పెట్టింది ఏమిటో దానికి తెలియలేదు. మూడోసారి అతను చెల్లెలి మొహంలోకి చూసి, చేతులు దుప్పటి మీద పెట్టాడు. తర్వాత చెప్పాడు. నువ్వు. చిన్న. బల్ల కింద. దాక్కోవడం. నాన్న. వెతకడం. నవ్వు.

పిచ్చుక తల ఊపింది, ఏడుస్తూ నవ్వింది. అతనూ నవ్వాడు.

మంచం కాళ్ల దగ్గర నిలబడ్డ అక్క ఆ మాట తీరు గుర్తుపట్టింది. అది తమ్ముడు తనతో మాట్లాడే తీరు. చుట్టంతో మాట్లాడే తీరు. అతను ఆ భాష వచ్చిన ఒక్కగానొక్క మనిషి కోసం చూశాడు, ఆ మనిషి రాలేదని తెలుసుకున్నాడు, వచ్చిన చెల్లెలి కోసం మాటలు చిన్నవి చేసుకున్నాడు. ఇన్నేళ్లలో మొదటిసారి వాళ్లిద్దరి మధ్య నడిచే ప్రతి ముక్కా అక్కకు అర్థమైంది. అర్థం కావడం భరించలేక, వరండాలోకి వెళ్లి బెంచీ మీద కూర్చుంది.

ఆ తర్వాత అతను పెద్ద సంగతులు ఎత్తుకోలేదు. రోజులు గడిచేకొద్దీ విడి మాటలు కూడా తగ్గాయి. నీళ్లు. చలి. అమ్మ అన్నాడొకసారి, చెంప మీద వేలు పెట్టి, అక్క చిన్నప్పుడు నేర్పినట్టే పూర్తిగా. పిచ్చుక అయోమయంగా చూసింది, ఆ పాత బొమ్మ దానికి గుర్తే లేదు. అక్కే ముందుకొచ్చి, అమ్మ లేదు, నేనున్నాను అని చెప్పింది. ఇంకొన్నాళ్లకు వేలితో చూపించడమే మిగిలింది. కిటికీ. దుప్పటి. నువ్వు. చివరికి అదీ లేదు. ఒక చెయ్యి అక్క చేతిలో, ఒక చెయ్యి చెల్లెలి చేతిలో ఉండగా, ఒక సాయంత్రం వెళ్లిపోయాడు.

చేయాల్సినవన్నీ అయ్యాక భాషావిడ వచ్చింది. జుట్టు నెరిసింది. షాపులో బల్ల అవతల, మొదటిసారి నిలబడ్డ చోటే నిలబడి, ఆ సంఘం సంగతి నేను చెప్పకుండా ఉండాల్సింది అంది. అక్క ఆమెకు కుర్చీ వేసింది. అలా అనకండి, పిచ్చుక సంతోషంగా ఉంది, పిల్ల ఉంది, ఇల్లుంది, అంది. అది నిజమే. దానివల్ల బాధేమీ తగ్గలేదు.

భాషావిడ పాత వీడియోలు తెచ్చింది. అక్కాచెల్లెళ్లు పక్కపక్కన కూర్చుని చూశారు. తెర మీద కుర్ర పిచ్చుక సూది గుచ్చి పెట్టి అన్నతో ఏదో మొదలుపెట్టింది. అతను కొత్త చొక్కాలో, కెమెరా సంగతి మరిచిపోయి, మధ్యలో అడ్డుతగిలి ఏదో అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు. అతను నవ్వలేక బల్ల మీద తల ఆనించేశాడు.

వాళ్లేమంటున్నారో అడిగి చెప్పమంది భాషావిడ, ఆ ఒక్క చోటే తనకు ఎన్నేళ్లు చూసినా తెలియలేదని. అక్క సైగ చేసి అడిగింది. పిచ్చుక ఆ ముక్క మళ్లీ వేయించుకుంది. ఇంకోసారి. తెర దగ్గరికి జరిగి తన చేతుల్నే చూసింది. పిల్లి అంది. నాన్న అంది. ఆ తర్వాతిది ఇక్కడి నుంచి అక్కడికి పోయింది అని వేలితో గీసి చూపించింది. ఏది పోయిందో, ఎవరి దగ్గరికి పోయిందో చెప్పలేకపోయింది. అరచేతులు తెరిచి చూపించి, ఒడిలో పెట్టుకుంది.

భాషావిడ కంప్యూటరు మూసేసింది.

నెల తిరిగాక అక్క షాపుకు తాళం వేసి నగరంలో చెల్లెలి ఇంటికి వెళ్లింది. రెండు గదుల ఇల్లు, నిండా చెక్కపొట్టు వాసన. మరిది నెమ్మదస్తుడు, ఆమెకు కిటికీ దగ్గర కుర్చీ వేశాడు. కూతురికి ఆరేళ్లు, చక్కగా వినపడుతుంది. నోటితో ఒకటి, చేతులతో ఒకటి, రెండు భాషలూ ఒకేసారి కలిపి కొట్టే రకం. పెద్దమ్మ వచ్చినప్పటి నుంచీ దుబాసీ పని దానిదే, బోలెడంత గొప్పగా చేస్తోంది.

భోజనాలయ్యాక పిచ్చుక భర్తకు అన్న గురించి ఏదో చెప్పబోయింది. చెయ్యెత్తి, వేలు చాచి, ఆగిపోయింది. వేలు గాలిలో అలాగే ఉండిపోయింది. ఎటు చూపించాలో తెలియక అటు తిరిగింది, ఇటు తిరిగింది. కూతురు అమ్మనే చూస్తోంది. పిచ్చుక ఆ వేలు మడిచి, కూతురితో ఏదో అంది.

"పెద్దమ్మా, అమ్మ అడుగుతోంది, మావయ్యని చేత్తో ఏమనాలి అని."

అక్క పాత మాటలు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంది. నాన్నకు మాట ఉంది, అమ్మకు ఉంది, పిల్లికి ఉంది. తమ్ముడికి లేదు. ఎన్నడూ అవసరం పడలేదు. అతను ఎప్పుడూ గదిలోనే ఉండేవాడు, బల్లకు ఆ వైపున. వేలు చూపిస్తే సరిపోయేది. బయటికెళ్తే అతని స్టూలును చూపించేవారు. మెట్ల మీద ఉంటే మెట్లను చూపించేవారు. ఉన్నవాడికి పేరెందుకు?

"లేదని చెప్పు" అంది అక్క. "మావయ్యకి ఎప్పుడూ పెట్టలేదు."

పిల్ల చెప్పింది. పిచ్చుక తల వంచుకుంది. మరిది గ్లాసులు కడగడానికి లేచాడు.

అప్పుడు అక్క తన ఎడమ అరచెయ్యి పుస్తకంలా నిలబెట్టి, దాని అంచు మీద కుడి బొటనవేలు పైనుంచి కిందికి ఒకసారి మెల్లగా రాసింది. అంచులు కోశాక ప్రతి పుస్తకానికీ తమ్ముడు అలాగే చేసేవాడు, నున్నగా వచ్చిందో లేదో వేలికి తెలియాలని. వేల పుస్తకాలకు చేసి ఉంటాడు. పిచ్చుక తలెత్తి చూసింది. కాదని చెయ్యి అడ్డంగా ఊపింది. లేచి వచ్చి అక్క చేతులు పట్టుకుని, అటుది ఇటు, ఇటుది అటు మార్చింది. అతనిది పుర్ర చెయ్యి. అక్క ఎలా మరిచిపోయిందో ఆమెకే తెలియలేదు. ఎడమ బొటనవేలు, కుడి అంచు.

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, ఒకరు చేసింది ఒకరు చూస్తూ, నాలుగైదుసార్లు అదే చేశారు. పిల్ల కూడా చేసి చూసింది, ఇలాగేనా అని. ఇలాగేనంది పెద్దమ్మ. పిచ్చుక మొహం తుడుచుకుని భర్త వైపు తిరిగి, ఆ మాట అని, దాన్ని తన ఎదుట గాలిలో ఒక చోట పెట్టి, చెప్పడం మొదలుపెట్టింది.

"అమ్మ ఏం చెప్తోందో చెప్పనా పెద్దమ్మా?"

"వద్దమ్మా. చూడనీ."

అక్క కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని కూర్చుంది. చెల్లెలి చేతులు నగరపు భాషలో వేగంగా పోతున్నాయి, ఆమెకు అందులో ఒక్క ముక్కా రాదు. ఆ పేరు వచ్చినప్పుడు మాత్రం తెలిసింది. చాలాసార్లు వచ్చింది.